కథకు ముందు కథ

(సంఘం ఉగాది ఉత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఉగాది సభలో పంచాంగ శ్రవణం అయిన తరువాత ఎవరో ఒకరు భాషను గురించో, సాహిత్యాన్ని గురించో నాలుగు మాటలు చెప్పడం మన వాడుక. ఈ ఏడు ఆ పని కార్యదర్శిగారు నాకు అప్పగించారు. నేను పండితుణ్ణి కాను. మెట్రిక్ పాసై రైల్వేలో గుమాస్తాగా చేరినవాణ్ణి. ఈ మాటే వారితో అంటే, "నీకు తెలిసిన విషయమే చెప్పు నాయనా, తెలియని విషయాలు మాట్లాడడానికి మాలో చాలామందిమి ఉన్నాం" అన్నారు. నాకు తెలిసినవి రెండే: ఒకటి టిక్కెట్లు, రెండు సినిమాలు. టిక్కెట్ల సంగతి మీరు ఎటూ రోజూ అడుగుతూనే ఉంటారు గనుక ఈ పూటకు సినిమాల సంగతి చెబుతాను.

నేను మాట్లాడబోయేది "స్టార్ వార్స్" అనే అమెరికా చిత్రాల వరుసను గురించి. పెద్దలు కొందరు ముఖం చిట్లించడం ఇక్కడి నుంచే కనిపిస్తున్నది. ఉగాదినాడు ఈ పరదేశపు గొడవ మనకెందుకు అని మీరనుకోవచ్చు. కాస్త ఓపిక పట్టండి. ఎక్కడెక్కడో తిరిగినా చివరకు ఇది మన ఇంటి అరుగు మీదికే వచ్చి చేరుతుంది.

చూడనివారి కోసం కథ క్లుప్తంగా మనవి చేస్తాను. జార్జి లూకాస్ అనే దర్శకుడు 1977లో మొదటి చిత్రం తీశాడు. ఎక్కడో దూరపు నక్షత్ర మండలంలో ఒక ఎడారి గ్రహం. అక్కడ బంధువుల ఇంట పెరుగుతున్న ల్యూక్ అనే కుర్రవాడు. వాడికి ఒక వృద్ధ యోధుడు తటస్థపడి, మీ నాయన నాకు స్నేహితుడు, మహావీరుడు, డార్త్ వేడర్ అనే ద్రోహి చేతిలో హతుడైనాడు అని చెబుతాడు. వేడర్ అంటే నిలువెల్లా నల్లని కవచం, ముఖానికి ముసుగు, యంత్రం ఊపిరి తీసినట్టు బుసలు కొట్టే మనిషి. 1980లో వచ్చిన రెండవ చిత్రంలో ఆ వేడరే ఎదురు నిలబడి, నీ తండ్రిని నేనే అంటాడు. 1983లో వచ్చిన మూడవ దానిలో, కొడుకును కాపాడడానికి తన ప్రభువునే ఎత్తి పాతాళంలోకి విసిరేసి, తానూ ప్రాణం విడుస్తాడు. తండ్రీ కొడుకుల కథ. ఇందులో మనకు అర్థం కానిదేముంది?

నేను హైస్కూల్లో ఉండగా ఈ మూడింటినీ ఒక మిత్రుని ఇంట సీడీల మీద చూశాను. ఇంగ్లీషు సగమే బోధపడింది. అయినా వేడర్ ముసుగు తీసినప్పుడు లోపల ఒక పాలిపోయిన ముసలి ముఖం కనబడితే, మా ఇద్దరికీ నోట మాట రాలేదు. ఆ తరువాత చాలా రోజులు ఒకటే ఆలోచన. మహావీరుడని అందరూ చెప్పుకొనే మనిషి ఇట్లా ఎట్లా అయినాడు? అతనికి ఏం జరిగింది? ఆ సంగతి ఆ మూడు చిత్రాలలో ఒకటి రెండు మాటలకు మించి లేదు. క్లోనుల యుద్ధాలని ఒకటి జరిగిందట. గురువు శిష్యుణ్ణి నిలుపుకోలేకపోయాడట. అంతే. మన బండి ఎక్కడ బయలుదేరిందో తెలియకుండా నడుమ స్టేషనులో ఎక్కిన ప్రయాణీకుడిలాగా మనం ఆ కథలో ఎక్కుతాం. కిటికీలోంచి కొండలు కనబడుతుంటాయి. ఆ కొండల వెనక ఏముందో మనమే ఊహించుకుంటాం. ఆ ఊహించుకోవడంలో ఒక సుఖం ఉన్నది.

ఆ వెనకటి కథనే చెబుతానని లూకాస్ మళ్ళీ పూనుకున్నాడు. 1999లో ఒకటి, 2002లో ఒకటి, 2005లో ఒకటి, మూడు చిత్రాలు తీశాడు. పాత మూడింటిలో మొదటిదానికే ఆయన దర్శకుడు. 1980 చిత్రాన్ని ఇర్విన్ కెర్ష్‌నర్, 1983 చిత్రాన్ని రిచర్డ్ మార్క్వాండ్ నడిపించారు. ఈ కొత్త మూడింటికీ మాత్రం తానే దర్శకత్వం వహించాడు. ప్రపంచమంతటా అభిమానులు పదహారేళ్ళు ఎదురుచూశారు. డబ్బుకు లోటు లేదు, యంత్రాలకు లోటు లేదు. జనం విరగబడి చూశారు. చూసి, చాలామంది తలలు వేలాడేసుకొని బయటికి వచ్చారు. కొన్నేళ్ళ తరువాత అవి చూసిన నాదీ అదే పరిస్థితి.

పూర్వకథ చెప్పడమే తప్పని నేననను. అట్లా అంటే తెలుగువాణ్ణే కాకుండా పోతాను. మన పురాణాల్లో పూర్వకథ లేనిదెక్కడ? రామాయణంలో రావణ వధ అయిపోయి, పట్టాభిషేకం కూడా జరిగిన తరువాత, అగస్త్య మహర్షి వచ్చి రావణుని పుట్టుకనూ, తపస్సునూ, వరాలనూ రామునికి వినిపిస్తాడు. శత్రువు చచ్చిపోయినాక అతని చరిత్ర విని రాముడు ఆశ్చర్యపడతాడు. భాగవతంలో జయవిజయుల వృత్తాంతం మీకందరికీ తెలుసు. వైకుంఠ ద్వారపాలకులు సనకాదుల శాపం తగిలి, స్వామికి దూరంగా ఎక్కువ కాలం ఉండలేక, శత్రువులుగా మూడు జన్మలు చాలునని కోరుకుంటారు. ఈ ముక్క విన్న తరువాత హిరణ్యకశిపుణ్ణి చూసినా, రావణుణ్ణి చూసినా మన మనస్సు వేరుగా ఉంటుంది. వాడు విరోధి అనుకున్నాం, తీరా చూస్తే వాకిట కాపలా ఉన్నవాడు. కథ ఒక్కసారిగా పెద్దదైపోతుంది.

నేను పెట్టుకునే కొలబద్ద ఇదే. పూర్వకథ విన్న తరువాత అసలు కథ పెద్దది కావాలి. చిన్నదైతే ఆ పూర్వకథ చెప్పకుండా ఉంటేనే మేలు. డార్త్ వేడర్ కూడా ఒక జయుడు, ఒక విజయుడు లాంటివాడే గదా! వాకిట నిలవవలసినవాడు శత్రువు పక్షాన చేరాడు. అటువంటి కథకు ముందు కథ అంటే ఎంత ఆశ పెట్టుకున్నామో మీరే ఊహించండి.

మరి జరిగిందేమిటి? పాత చిత్రాలలో "ఫోర్స్" అనే ఒక మాట ఉన్నది. మన భాషలో శక్తి అందాం. అది చరాచర ప్రాణికోటినంతా చుట్టుకొని ఉంటుందనీ, మనస్సు నిలిపినవాడికి అందుతుందనీ ఆ వృద్ధుడు చెబుతాడు. పల్లెటూరి కుర్రవాడికైనా అందవచ్చునన్న ఆశ అందులో ఉన్నది. 1999 చిత్రంలో ఏం చేశారంటే, తొమ్మిదేళ్ళ పిల్లవాడి రక్తం చుక్క తీసి పరీక్షకు పంపారు. రక్తంలో మిడిక్లోరియనులనే సూక్ష్మజీవులు ఉంటాయట. అవి ఎక్కువ ఉన్నవాడికి శక్తి ఎక్కువట. ఈ పిల్లవాడికి 20,000కు పైగా ఉన్నాయట. ఆ మాట విన్నప్పుడు నాకు ఆసుపత్రి కాగితం చేతికిచ్చినట్టయింది.

మన "మాయాబజార్" 1957లో వచ్చింది. అందులో ప్రియదర్శిని పేటిక తెరిస్తే ఎవరికి ప్రియమైనది వారికి కనబడుతుంది. ఆ పేటిక ఏ లోహంతో చేశారు, లోపల అద్దం ఎట్లా అమర్చారు అని మనలో ఎవరైనా అడిగామా? ఘటోత్కచుడి మాయకు కారణం ఫలానా ధాతువని కె.వి. రెడ్డిగారు ఒక వైద్యుణ్ణి పెట్టి చెప్పించి ఉంటే ఆ సినిమాను నేటికీ పిల్లల చేత చూపిస్తామా? అద్భుతాన్ని అద్భుతంగా వదిలేయడం కూడా కథ చెప్పేవాడి పనితనంలో ఒక భాగమే.

రెండవ సంగతి. పూర్వకథ చెప్పబోయి ఆ లోకాన్ని ఇరుకు చేశారు. పాత చిత్రాలలో లోకం ఎంత విశాలమంటే, ఏ మూల ఎవరున్నారో ఎవరికీ తెలియదు. కొత్త చిత్రాలు చూస్తే అందరూ ఒక వీధివాళ్ళే. ల్యూక్ వెంట తిరిగే బంగారు రంగు యంత్ర మానవుణ్ణి చిన్నప్పుడు వేడరే తన చేతులతో తయారుచేశాడట. బోబా ఫెట్ అని మాట తక్కువగా, ముసుగు తీయకుండా తిరిగే ఒక వేటగాడు ఉండేవాడు. ఆ లక్షల సైన్యమంతా అతని తండ్రి అచ్చులో పోసినదేనట. ఒక నక్షత్ర మండలంలో వేల గ్రహాలున్నా, పరిచయస్థులు మాత్రం పది మందే. పైపెచ్చు 1999 చిత్రం మొదలయ్యేదే వర్తక మార్గాల మీద పన్నుల తగాదాతో. పన్నుల తగాదాలు చూడడానికి టిక్కెట్టు కొనాలా? మా ఆఫీసులో ఉచితంగా దొరుకుతాయి.

మూడవది, పాత మాటకూ కొత్త మాటకూ పొంతన కుదరలేదు. 1983 చిత్రంలో ల్యూక్ చెల్లెలు లేయా, తన కన్నతల్లి లీలగా గుర్తున్నదనీ, అందంగా, దయగా, విచారంగా ఉండేదనీ చెబుతుంది. ఆ నాలుగు మాటలూ వింటే గుండె చెరువైపోతుంది. 2005 చిత్రంలో ఆ తల్లి కవల పిల్లలను కన్న మరుక్షణమే కన్నుమూస్తుంది. ఇంక గుర్తుండడమేమిటి? 1980 చిత్రంలో యోడా అనే చిన్నపాటి ముసలి గురువే తనకు చదువు చెప్పాడని కెనోబీ అంటే, 1999కి వచ్చేసరికి అతనికి మరొక గురువు కనిపిస్తాడు. వీటికి సమాధానాలు చెప్పేవాళ్ళు ఉన్నారు. నేనూ విన్నాను. సమాధానం చెప్పుకోవలసి వచ్చిందంటేనే ఎక్కడో కుట్టు విడిపోయిందని అర్థం.

న్యాయంగా మాట్లాడాలంటే మంచి కూడా చెప్పాలి. జాన్ విలియమ్స్ సంగీతం ఆరు చిత్రాలలోనూ ఎక్కడా తగ్గలేదు. 2005 చిత్రంలో ఒక గొప్ప బీజం ఉన్నది. భార్య ప్రసవంలో చనిపోతుందని ఆ యువకుడికి కలలు వస్తాయి. ఆమెను బతికించుకోవాలనే తాపత్రయంతో చెడ్డవాడి పంచన చేరతాడు. ఆ చేరడమే ఆమె చావుకు కారణమవుతుంది. కొడుకు మీది ప్రేమతో ధృతరాష్ట్రుడు కొడుకుల చావు కొనితెచ్చుకున్నట్టే ఇది. మేము అడిగిన ప్రశ్నకు జవాబు ఇదే. అయితే మొదటి రెండు చిత్రాల కాలాన్ని పన్నులకూ, పందేలకూ ఖర్చుపెట్టి, ఈ అసలు ముక్కను చివర హడావిడిగా కానిచ్చారు. ఇస్తరి నిండా వడ్డించి, పప్పు వేసేసరికి లేవమన్నట్టయింది.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. నిరాశకు కూడా మర్యాద ఉండాలి. 1999 చిత్రంలో జార్ జార్ అనే హాస్య పాత్ర ఉన్నది. చాలామందికి నచ్చలేదు, నాకూ నచ్చలేదు. ఆ పాత్ర వేసిన అహ్మద్ బెస్ట్ అనే యువకుణ్ణి జనం ఎంతగా వెంటబడి దూషించారంటే, తాను ప్రాణం తీసుకునే దాకా వచ్చానని 2018లో ఆయనే బయటపెట్టాడు. రాసి తీసినవాడు వేరు, తిట్లు తిన్నది చెప్పిన పని చేసినవాడు. చిన్నప్పటి వేడర్‌గా నటించిన బాలుణ్ణి కూడా జనం ఎగతాళి చేశారు. ఆ పిల్లవాడు కొద్ది కాలానికే నటన మానుకున్నాడు. ఒక కథను ప్రేమించామని చెప్పుకుంటూ ఒక పసివాణ్ణి ఏడిపించడం ఏం ప్రేమ? సంతోషమేమిటంటే, 2023లో అహ్మద్ బెస్ట్‌ను ఆ కథాలోకంలోనే ఒక యోధుడి వేషంలో మళ్ళీ చూపించారు. 1999లో పిల్లలుగా ఉన్నవారు నేడు పెద్దవారై, ఆ చిత్రాలంటేనే తమకు ఇష్టమని ధైర్యంగా చెబుతున్నారు. వారి ఇష్టాన్ని కాదనడానికి నేనెవరిని?

ఇంక మన దగ్గరికి వద్దాం. మన ఊళ్ళలో "బాహుబలి" చూడని ఇల్లు ఉన్నదా? 2015 జులైలో మొదటి భాగం ఒక ప్రశ్న దగ్గర ఆగిపోయింది. కట్టప్ప ఎందుకు చంపాడు? 2017 ఏప్రిల్ దాకా, దాదాపు రెండేళ్ళు, టీ దుకాణంలోనూ, బస్సులోనూ, మా కౌంటరు ముందు వరసలోనూ అదే ప్రశ్న. రెండవ భాగం చాలా మటుకు కొడుకు కథకు ముందు జరిగిన తండ్రి కథే. అనగా అదీ పూర్వకథే. అది ఎందుకు నచ్చింది? మన గుండెలో ఉన్న ప్రశ్నకే జవాబు చెప్పింది గనుక. సింహాసనానికి మాట ఇచ్చిన బానిస, తాను ఎత్తుకొని పెంచిన బిడ్డనే పొడవవలసి వచ్చింది. ఆ జవాబు విన్న తరువాత మొదటి భాగంలో కట్టప్ప ఆ కొడుకు పాదం తల మీద పెట్టుకున్న ఘట్టం మళ్ళీ చూస్తే, మొదటిసారి కంటే బరువుగా ఉంటుంది. కథ పెద్దదైంది.

ఆ తరువాత బాహుబలికి ముందు, దానికి కూడా ముందు అంటూ మరికొన్ని వచ్చాయి. శివగామి బాల్యం మీద ఆనంద్ నీలకంఠన్ నవలలు రాశారు. దాన్నే ధారావాహికగా తీస్తామని 2018లో నెట్‌ఫ్లిక్స్ వారు ప్రకటించి, చివరకు విరమించుకున్నారు. 2024లో బొమ్మల ధారావాహిక ఒకటి వచ్చింది. మా పిల్లలు సరదాగానే చూశారు. నేనూ పక్కన కూర్చున్నాను. బాహుబలి మీదికి ఎన్ని కత్తులు వచ్చినా నాకు బెదురు కలగలేదు. అతను ఎప్పుడు, ఎవరి చేతిలో పోతాడో నాకు ముందే తెలుసు గదా! పూర్వకథకు పుట్టుకతోనే ఉన్న చిక్కు ఇది. ఏమవుతుందో అనే ఉత్కంఠ దానికి ఉండదు. ఎందుకయిందో అనే ఆవేదన ఒక్కటే దానికి ఆధారం. అది కూడా లేకపోతే ఉత్త కాలక్షేపమే.

మన అరుగు మీదికి చేరుస్తానని మొదట్లో అన్నాను. చేరాం. మనమందరం వలస వచ్చినవాళ్ళం. ఉద్యోగమో, వ్యాపారమో పట్టుకొని ఈ ఊళ్ళకు వచ్చాం. మన పిల్లలు ఇక్కడ పుట్టారు, ఇక్కడి బడిలో కన్నడం చదువుతున్నారు. వారి దృష్టిలో కథ చిక్కబళ్ళాపురంలో మొదలైంది. దానికి ముందు కథ మన దగ్గర ఉన్నది. రాత్రి అన్నాల దగ్గర రోజూ మనం చెప్పేది అదే. కాని ఎట్లా చెబుతున్నాం? మా కాలంలో అట్లా, మా ఊళ్ళో ఇట్లా అని, ఎకరాల లెక్క, బంధుత్వాల లెక్క, ఎవరు ఎవరికి ఎంత బాకీ ఉన్నారనే లెక్క. నిజం చెప్పండి, ఇవన్నీ మన మిడిక్లోరియనులు కావూ? పిల్లలు కంచం ముందు ఆవలించడంలో ఆశ్చర్యమేముంది?

పిల్లవాడి ప్రశ్న వేరు. నాన్నా, అంత మంచి ఊరైతే ఎందుకు వదిలి వచ్చావు? నాన్నమ్మ అక్కడ ఒక్కతే ఎందుకు ఉంది? ఇవి కట్టప్ప ప్రశ్నల వంటివి. ఈ ప్రశ్నలను దాటవేసి మిగతావన్నీ చెబుతాం. నేనూ మీలో ఒకణ్ణే గనుక అంటున్నాను, ఆ ఒక్క ప్రశ్నకు నిజాయితీగా జవాబు చెబితే, ఎకరాల లెక్క చెప్పకపోయినా ఊరు వాడి మనస్సులో నిలుస్తుంది.

మాది నెల్లూరు జిల్లా. చిన్నప్పుడు నాకు తెలిసిన పెన్న, వర్షాకాలంలో అవతలి ఒడ్డు కనబడనంత వెడల్పుగా ఉండే పెన్న. ఉద్యోగరీత్యా ఇక్కడికి వచ్చిన తరువాత తెలిసింది, ఆ నది పుట్టింది ఈ నంది కొండల వరుసలోనే అని. ఇక్కడివారు ఉత్తర పినాకిని అంటారు. ఇక్కడ పుట్టి, అనంతపురం, కడప సీమల మీదుగా సుమారు 597 కిలోమీటర్లు నడిచి మా జిల్లాలో సముద్రంలో కలుస్తుంది. అది తెలిసిన నాటి నుంచి మా ఊరి పెన్న నాకు మరింత పెద్దదైంది. పూర్వకథ అంటే అట్లా ఉండాలి. పైగా ఈ నేల మీద తెలుగు మనం తెచ్చినది కాదు. గాజులమ్ముకొని బతికిన నారాయణప్పగారు చింతామణి దగ్గర కైవారంలో యోగి అయి, తెలుగులోనూ కన్నడంలోనూ తత్త్వాలు చెప్పారు. బాగేపల్లి రైతు ఈనాటికీ ఇంట తెలుగే మాట్లాడతాడు. మన ఊరి కథతో పాటు ఈ ఊరి కథ కూడా మన పిల్లలదే. రెండూ చెప్పండి.

చివరిగా ఒక చిన్న సలహా. ఈ సెలవుల్లో మీ ఇంట పిల్లలు స్టార్ వార్స్ చూస్తామంటే, ఒకటి, రెండు, మూడు అని అంకెల వరసను పట్టుకొని 1999 దానితో మొదలుపెట్టనివ్వకండి. అట్లా చూస్తే వేడర్ ఎవరి తండ్రో ముందే తెలిసిపోతుంది. ముందు 1977, 1980, 1983. తరువాత, వాళ్ళంతట వాళ్ళు "అతను అట్లా ఎందుకయ్యాడు?" అని అడిగిన రోజున మిగిలిన మూడు చూపించండి. అడగకపోతే చూపించకండి. ప్రశ్న పుట్టిన తరువాత చెప్పే కథే చెవికెక్కుతుంది. మన ఊరి కథకూ అదే నియమం.

 లోపల పులిహోర చల్లారుతున్నదని కార్యదర్శిగారు సైగ చేస్తున్నారు. సెలవు. నమస్కారం.